పాత కాలిక్యులేటర్ ఇచ్చేసే ముందు వెనక మూత ఒకసారి తియ్యండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, భోగి ముందు ఇల్లు దులిపేటప్పుడు బయటపడే పాత ఎలక్ట్రానిక్ సామాను ఏం చెయ్యాలో రాశారు. మంటలో వెయ్యొద్దు, చెత్తబండిలో పడెయ్యొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వండి అన్నారు. మంచి మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు కూడా ఈ సామాను రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలంటున్నాయి, సర్క్యూట్ బోర్డులు కాలిస్తే వచ్చే పొగ పీల్చేది మన పిల్లలే కాబట్టి అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇచ్చెయ్యాల్సినవాటి వరసలో రిమోట్లు, చార్జర్లు, పాడైన ఫోన్ల పక్కనే ‘పాత కాలిక్యులేటర్లు’ అని కూడా ఉంది. అది చదివి మనసు చివుక్కుమంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే మొత్తం వెయ్యండి.

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. 1936 దాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, ఆ తర్వాత రాష్ట్రం మారింది గానీ మేం ఇల్లు మారలేదు. ఇరవై రెండేళ్ళుగా నేను పాత జేబు కాలిక్యులేటర్లు పోగుచేస్తున్నాను. ఇప్పటికి 130 దాకా అయ్యాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, ఇటు ఇచ్ఛాపురం, పలాస, ఈ ఊళ్ళ పాత సామాన్ల కొట్లలో దొరికినవే ఎక్కువ, చాలావరకు ప్లాస్టిక్ డబ్బాలతో కలిపి కిలోల లెక్కన తూచి ఇచ్చినవే. అమ్ముకోవడానికి కాదు. ఒక్కొక్కటీ విప్పుతాను, శుభ్రం చేస్తాను, లోపల ఏ చిప్పు ఉందో చూస్తాను, ఎక్కడ దొరికిందో, ఎవరు వాడారో తెలిస్తే ఆ సంగతి నోట్‌బుక్కులో రాస్తాను. ఈ చివరి ముక్కే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మిషన్ మన చేతికి వచ్చేసరికి దాని మనిషి ఎవరో చెప్పేవాళ్ళు ఉండరు.

అన్ని కాలిక్యులేటర్లూ దాచమనడం లేదు. గత పాతికేళ్ళలో ప్రతి కిరాణా కొట్టులోనూ కనిపించే పన్నెండు అంకెల సోలార్ మిషన్లు లక్షల్లో ఉన్నాయి, పాడైతే మీరు చెప్పినట్టే ఇచ్చెయ్యండి. నేను చెప్పేది 1970ల నుంచి 80ల మధ్య దాకా వచ్చినవాటి సంగతి. ఆన్ చేస్తే అంకెలు ఎర్రగా నిప్పుకణాల్లాగానో, లేతనీలం కలిసిన ఆకుపచ్చలోనో వెలిగితే అది ఆ కాలం మిషనే అనుకోవచ్చు. నల్ల అంకెలే ఉన్నా తెర మీద పసుపు అద్దం ఉంటే దాన్నీ పక్కన పెట్టండి, తొలి లిక్విడ్ క్రిస్టల్ తెరలు ఎండకి పాడవకుండా అలాంటి పసుపు ఫిల్టర్ వేసేవారు.

ఆ రోజుల్లో జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1967లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో జాక్ కిల్బీ బృందం చేతిలో పట్టే కాలిక్యులేటర్ నమూనా ఒకటి చేసింది, దానికి తెర లేదు, జవాబు చిన్న కాగితపు చీలిక మీద అచ్చయ్యేది. 1971లో జపాన్‌లో బిజికామ్ వాళ్ళు నిజంగా జేబులో పట్టేది తెచ్చారు, పన్నెండు ఎర్ర అంకెలు, లెక్కంతా చేసేది ఒకే ఒక్క చిప్పు. అదే బిజికామ్ తన టేబుల్ కాలిక్యులేటర్ కోసం చిప్పులు చేసిపెట్టమని ఇంటెల్‌ని అడిగితే పుట్టిందే 4004 మైక్రోప్రాసెసర్, అదీ 1971లోనే. ఇవాళ మన ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో ఉన్న ప్రాసెసర్ల వంశం లెక్కల మిషన్ ఇంట్లో మొదలైందన్నమాట. 1972లో క్యాసియో మినీ వచ్చింది, 12,800 యెన్లు, తెర మీద ఆరంటే ఆరే అంకెలు, జవాబు అంతకన్నా పెద్దదైతే ఇంకో బటన్ నొక్కి మిగతా ఆరు చూసుకోవాలి. అదే ఏడాది అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ళ హెచ్‌పీ-35, సైన్లూ లాగరిథమ్‌లూ చేసేది, 395 డాలర్లు. నాలుగేళ్ళు తిరిగేసరికి 1976లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఐ-30 వచ్చింది, అదీ సైన్లూ లాగరిథమ్‌లూ చేసేదే, ధర పాతిక డాలర్లు!

మన దేశంలో అప్పట్లో ఇవి ఎక్కువగా ఎవరో ఒకరు ఫారిన్ నుంచి తెస్తేనే ఇంట్లోకి వచ్చేవి. ఇక్కడ తయారైనవీ ఉన్నాయి. డీసీఎం డేటా ప్రొడక్ట్స్ అనే కంపెనీ కాలిక్యులేటర్లు అమ్మేది, అక్కడ పనిచేసి బయటికొచ్చిన శివ్ నాడార్, ఆయన మిత్రులు మైక్రోకాంప్ పేరుతో మొదట అమ్మింది కూడా కాలిక్యులేటర్లే, ఆ డబ్బు పునాది మీదే 1976లో హెచ్‌సీఎల్ కంప్యూటర్ కంపెనీ లేచింది. ఈ రెండు కంపెనీల మిషన్ ఒక్కటి కూడా ఇంతవరకు నా కంటపడలేదు. మీ పాఠకుల ఇళ్ళలో ఏ అటక మీదైనా ఉంటే దయచేసి తూకానికి వెయ్యకండి. జపాన్ మిషన్లు జపాన్‌లో దాచేవాళ్ళున్నారు, అమెరికావి అమెరికాలో దాచేవాళ్ళున్నారు, మనవి మనం దాచకపోతే ఎవరు దాస్తారు?

మా ఇంట్లోకి మొదటి మిషన్ 1977లో వచ్చింది. నాన్న పట్టుచీరల కొట్టులో గుమాస్తా. చిట్టా, ఆవర్జా అన్నీ ఆయనే రాసేవారు, నిలువు వరసలో ముప్పై నలభై అంకెలుంటే కింద నుంచి పైకి వేలు జరుపుకుంటూ పోయి పైన మొత్తం వేసేవారు, ఆ వేలు ఎక్కడా ఆగేది కాదు. మా పెద్దమ్మ కొడుకు విశాఖపట్నం నుంచి ఓడల మీద వెళ్ళేవాడు, ఒకసారి వస్తూ ఎనిమిది అంకెల జపాన్ మిషన్ తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ అంకెలు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. నాన్న మొదట వేసిన లెక్క నాకు కళ్ళకి కట్టినట్టుంది: వంద బై మూడు, ఇంటూ మూడు. తెర మీద 99.999999 అని వచ్చింది. “వంద ముగ్గురికి పంచి మళ్ళీ కలిపితే వంద రావట్లేదురా, ఇది ఎక్కడో మింగుతోంది” అన్నారు.

మింగేమాట నిజమే. ఆ మిషన్‌కి ఎనిమిది గదులే ఉన్నాయి, 33.333333 దగ్గర గదులైపోతాయి, మిగిలిన మూళ్ళని అది పట్టించుకోదు, మళ్ళీ మూడుతో గుణిస్తే ఉన్నవాటినే గుణిస్తుంది. ఇప్పటి ఫోన్లు లోపల ఎక్కువ అంకెలు పెట్టుకుని చివర్లో సరిచేసి వంద చూపిస్తాయి. నాన్నకి ఇదంతా ఎవరూ చెప్పలేదు గానీ ఆయన ఆ రోజే ఒక ఒప్పందానికి వచ్చేశారు: మీటర్లూ రేట్లూ గుణించడం మిషన్‌కి, కూడికలు తనకి. 1996లో పని మానేసేదాకా అలాగే చేశారు. ఇది నా జ్ఞాపకం మాత్రమే అయితే ఎవరైనా కాదనొచ్చు, కానీ ఆ మిషన్ నా దగ్గరుంది. దాని గుణకారం బటన్ మీద గుర్తు పూర్తిగా అరిగిపోయి నున్నగా అద్దంలా మెరుస్తుంది, 5 మీద, 0 మీద అచ్చు సగమే మిగిలింది, కూడిక బటన్ మాత్రం కొన్ననాటిలా ఉంది. పంతొమ్మిదేళ్ళ గుమాస్తాగిరీ మొత్తం ఆ బటన్ల మీద రాసి ఉంది.

అప్పటి నుంచి ఏ మిషన్ దొరికినా మొదట ఏటవాలుగా వెలుతురులో పట్టుకుని బటన్లే చూస్తాను. కొట్లో వాడినదైతే 0, 5, గుణకారం, శాతం అరుగుతాయి. కాలేజీ కుర్రాళ్ళు వాడిన సైంటిఫిక్ మిషన్‌లో సైన్, కాస్, దాని పక్కన రెండో ఫంక్షన్ బటన్ అరుగుతాయి. గుణుపురంలో దొరికిన ఒకదానికి చెరిపే బటన్ తప్ప ఏదీ అరగలేదు, పిల్లలు ఆడుకున్నదని నా ఊహ.

తర్వాత మూత విప్పడం. స్క్రూలు కనిపించకపోతే వెనక అంటించిన లేబుల్ కింద, రబ్బరు కాళ్ళ కింద, సెల్స్ పెట్టే అర లోపల వెతకాలి. తొందరపడి కత్తితో సందు చేస్తే ప్లాస్టిక్ కొక్కేలు విరిగిపోతాయి, నలభై యాభై ఏళ్ళ ప్లాస్టిక్ అప్పడంలా ఉంటుంది. లోపల పెద్ద చిప్పు మీద కంపెనీ గుర్తు, నంబరు, వాటి కింద చాలాసార్లు నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 7532 అని ఉంటే 1975వ సంవత్సరం 32వ వారంలో ఆ చిప్పు తయారైందని. పుట్టిన తేదీ దొరికినట్టే. అయితే ప్రతి నాలుగంకెలూ తేదీ కావు. 7404 అనేది ఒక రకం లాజిక్ చిప్పు పేరు, అది చూసి 1974 జనవరి అనుకుంటే పొరపాటే, నేను మొదట్లో రెండు మిషన్లకి అలా తప్పుగా రాసుకుని తర్వాత కొట్టేశాను. బోర్డు మీద రెండు మూడు చిప్పులుంటే అన్నిటి మీదా చూడాలి, వాటిలో ఆఖరి తేదీ తర్వాతే మిషన్ బిగించి ఉంటారు.

తెర సంగతి. ఎర్ర అంకెలవి ఎల్ఈడీలు. అసలు అంకె నువ్వుగింజంత ఉంటుంది, పైన బుడగలాంటి ప్లాస్టిక్ కటకం పెట్టి పెద్దది చేసి చూపిస్తారు, అందుకే కాస్త పక్కనుంచి చూస్తే అంకె మాయమైపోతుంది. ఇంకో చిత్రం ఉంది. రాత్రి లైట్లు ఆర్పేసి ఆ మిషన్‌ని చేత్తో గబగబా అటూ ఇటూ ఊపండి, అంకెలు చెదిరి మెట్లు మెట్లుగా గాల్లో కనిపిస్తాయి. తీగలూ కరెంటూ ఆదా చెయ్యడానికి అన్ని అంకెలూ ఒకేసారి వెలగవు, ఒకదాని తర్వాత ఒకటి చాలా వేగంగా వెలిగి ఆరుతుంటాయి, మన కంటికి అన్నీ కలిపి ఒకేసారి కనిపిస్తాయి. మా ఎదురింటి పాప ఏడో తరగతి, ఒడియా మీడియం, ఇది చూపిస్తే ఆ రోజు ఇంటికి వెళ్ళనంది. ఆకుపచ్చ అంకెలవి గాజు గొట్టాలు. గాలి తీసేసిన గొట్టంలో సన్నటి తీగ వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలితే అవి అంకె పలకల మీద పూసిన పొడిని తాకి వెలిగిస్తాయి. గొట్టం ఒక మూల వెండి పూసినట్టు మచ్చ ఉంటుంది. అది మెరుస్తుంటే లోపల గాలి లేదని, గొట్టం బాగున్నట్టు. తెల్లగా పాలిపోతే ఎక్కడో బీటపడి గాలి చొరబడింది, ఇక ఆ తెర వెలగదు. పాత సామాన్ల కొట్టులో సెల్స్ లేకుండానే ఈ ఒక్క మచ్చ చూసి మంచిచెడ్డలు కొంతవరకు చెప్పొచ్చు. కొన్ని పాత షార్ప్ మిషన్లలో సున్నా మిగతా అంకెల్లో సగం ఎత్తే ఉంటుంది, అలాంటిది కనిపిస్తే అస్సలు వదలకండి.

సైంటిఫిక్ మిషన్లకి ఇంకో పరీక్ష ఉంది, కాలిక్యులేటర్లు పోగుచేసే వాళ్ళందరికీ తెలిసినదే. డిగ్రీల్లో పెట్టి 9కి సైన్, దానికి కాస్, దానికి టాన్ తియ్యాలి, తర్వాత వెనక్కి తిరిగి ఆర్క్ టాన్, ఆర్క్ కాస్, ఆర్క్ సైన్. వెళ్ళిన దారినే తిరిగొస్తే 9 రావాలి కదా, పాత మిషన్లలో సరిగ్గా 9 రావడం అరుదు. దారిలో ప్రతి మెట్టు దగ్గరా చివరి అంకెలు కొన్ని రాలిపోతాయి, ఏ చిప్పు ఎక్కడ ఎంత రాల్చుకుంటుందో దాని లోపలి పద్ధతిని బట్టి ఉంటుంది. రెండు వేరువేరు కంపెనీల పేర్లున్న మిషన్లు చివరి అంకె దాకా ఒకే తప్పు చూపిస్తే లోపల ఒకే జాతి చిప్పు ఉందని అనుమానించొచ్చు. నా దగ్గర అలాంటి జంటలు నాలుగున్నాయి, విప్పి చూస్తే మూడు జంటల్లో చిప్పు నంబరు కూడా కలిసింది.

చిన్న సింక్లెయిర్ సైంటిఫిక్ అనే మిషన్ ఒకటుంది, 1974 నాటిది. మామూలు నాలుగు లెక్కల చిప్పులోనే, 320 సూచనలు పట్టే చోట్లోనే, సైన్లూ లాగరిథమ్‌లూ ఇరికించారు. జాగా చాలక పై (π) విలువ లాంటివి చిప్పులో పెట్టకుండా మిషన్ ముఖం మీదే అచ్చువేశారు, చూసి నొక్కుకోవాలి. జవాబు నెమ్మది, చివరి అంకెలు నమ్మకం లేదు, అయినా ఆ ఇరికించిన తెలివికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. క్లార్క్స్ టేబుల్స్ పుస్తకం తిరగేసి లాగరిథమ్‌లు చూసుకుని ఇంటర్ పాసైన మా వయసువాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

హెచ్‌పీ-35 నా దగ్గర లేదు. ఇక్కడే ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి దగ్గర ఉంది, ఆయన పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు టెన్షన్‌తో చెయ్యి వణికింది. దాని మీద సమానం గుర్తు ఉండదు, రెండు అంకెలూ ముందు లోపలికి పంపి ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పాలి. మొదట్లో అమ్మినవాటిలో ఒక లోపం ఉండేది: 2.02కి సహజ లాగరిథమ్ తీసి వెంటనే వెనక్కి తిప్పితే 2.02 బదులు ఉత్త 2 వచ్చేది. కంపెనీ ఆ సంగతి దాచకుండా కొన్నవాళ్ళకి తెలియజేసి మార్చిస్తామంది. మార్చుకోకుండా మిగిలిపోయిన ఆ తప్పుడు మిషన్లకే ఇప్పుడు పోగుచేసేవాళ్ళలో గిరాకీ ఎక్కువ. మేమిద్దరం ఊపిరి బిగబట్టి 2.02 నొక్కాం. మాది 2కి పడిపోలేదు. ఆయన ముఖంలో కాస్త నిరాశ కనిపించింది, నాకూ అనిపించింది.

ఇక అసలు చెప్పాల్సిన మాట. మీ ఇంట్లో పాత కాలిక్యులేటర్ ఉంటే, దాన్ని ఉంచుకుంటారో ఎవరికైనా ఇస్తారో అది తర్వాత చూసుకోవచ్చు, ఇవాళే వెనక మూత తీసి సెల్స్ బయటికి తియ్యండి. నా దగ్గరికొచ్చిన చచ్చిన మిషన్లలో ఎక్కువ శాతం చిప్పు పోయినవి కావు, సెల్స్ కారి పోయినవి. ఒకటి కారడం మొదలైతే ఆ రసం తీగ వెంబడి లోపలికంటా పాకుతుంది, రాగి దారుల మీద పచ్చటి చిలుము పడుతుంది, ఒక రోజు ఏదో ఒక దారి తెగిపోతుంది. మా బరంపురంలో గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పుగాలి కూడా తోడు, ఇక చెప్పేదేముంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా వెనక గది మీద రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే మిషన్లు పెట్టిన రెండు అట్టపెట్టెలూ నీళ్ళలో నాని గుజ్జయిపోయి ఉన్నాయి. ఒకదాంట్లో అప్పటికే శుభ్రం చేసి సెల్స్ తీసిపెట్టినవి నలభై, రెండోదాంట్లో కొత్తగా దొరికి ఇంకా ముట్టుకోనివి పదకొండు, వాటిలో చాలావాటికి సెల్స్ ఉన్నట్టే ఉన్నాయి. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు. నేనూ మా ఆవిడా అన్నీ విప్పి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి, నులక మంచం మీద పాత పంచె పరిచి, ఎండ కాసిన గంటల్లో ఆరబెట్టాం, స్క్రూలు కలిసిపోకుండా ఒక్కోదానివి ఒక్కో కాగితం పొట్లంలో కట్టి. పది రోజుల తర్వాత పరీక్షిస్తే మొదటి పెట్టెలో నలభైకి ముప్పై ఏడు వెలిగాయి. రెండో పెట్టెలో పదకొండుకి రెండు. నీళ్ళు ఒక్కటే పడితే తట్టుకుంటాయి, తడిలో కరెంటు కూడా పారుతుంటే రాగిని తినేస్తుంది, తేడా అంతా అక్కడే ఉంది.

సెల్స్ అప్పటికే కారి ఉంటే భయపడొద్దు. తెల్లటి పొడిలా పేరుకుని ఉంటే అది సాధారణంగా ఆల్కలైన్ సెల్స్ కక్కింది, క్షారం, చెవి పుల్లకి కాస్త నిమ్మరసం అద్ది తుడిస్తే నురగొచ్చి కరుగుతుంది. పాత రకం జింక్-కార్బన్ పెన్సిల్ సెల్స్ కారితే తడితడిగా తుప్పు రంగులో ఉంటుంది, దానికి వంటసోడా కలిపిన నీళ్ళు. దేనికైనా చివర్లో మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. చేతికి గ్లౌజులు వేసుకోండి, కళ్ళకి తగలనివ్వకండి. చార్జింగ్ బ్యాటరీలున్న రకమైతే అవి నికెల్-కాడ్మియంవి, కాడ్మియం విషం, ఆ బ్యాటరీల్ని మాత్రం తప్పకుండా మీరు చెప్పినట్టు ఈ-వ్యర్థాల వాళ్ళకే ఇవ్వాలి. ఆ బ్యాటరీ తీసేసి ఉత్త చార్జర్ పెట్టి ఆన్ చేసి చూద్దామని అనుకోకండి, కొన్ని పాత రకాల్లో వోల్టేజీ ఎగబాకి లోపల చిప్పే మాడిపోతుంది.

అడాప్టర్ సంగతీ అంతే. ఒకసారి చక్కగా పనిచేసే ఎర్ర అంకెల మిషన్‌ని ఒక బటన్ అంటుకుపోతోందని బజార్లో ఒక రిపేరు కొట్టుకిచ్చాను. కొట్టు పేరు అనవసరం. కుర్రాడు చేతికందిన అడాప్టర్ గుచ్చాడు. మన రేడియోలకీ మోడెమ్‌లకీ వచ్చే చాలా అడాప్టర్లలో మధ్య పిన్ను ప్లస్, కొన్ని జపాన్ కాలిక్యులేటర్లకి మధ్యది మైనస్. సన్నగా పొగ, కాలిన వాసన, అంతే. ఎదురుగా నిలబడి ఉన్నాను, నోరు తెరిచేలోపే అయిపోయింది. అప్పటి నుంచి సరైన సెల్స్ తప్ప దేంతోనూ ఆన్ చెయ్యను, ఎవర్నీ చెయ్యనివ్వను.

కాలేజీలవాళ్ళకి కూడా ఒక మాట. మన రెండు రాష్ట్రాల పాత డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ ల్యాబ్‌ల బీరువాల్లో, స్టాటిస్టిక్స్ గదుల్లో, చేత్తో తిప్పే ఫేసిట్ లెక్కల మిషన్లు, జరిపి లెక్క చూసుకునే స్లైడ్ రూళ్ళు, మొదటి తరం సైంటిఫిక్ కాలిక్యులేటర్లు మూలుగుతున్నాయి. ఏటేటా పనికిరాని సామాను కింద వేలం వేస్తున్నారు. వేలం ఆపమని నేను అడగలేను గానీ, వేసే ముందు ఒక గాజు పెట్టెలో ఒక్కొక్క రకానిది ఒక్కటి ఉంచి, ఏ సంవత్సరం కొన్నారో స్టాక్ రిజిస్టర్ చూసి చీటీ రాసిపెట్టండి. స్టాక్ రిజిస్టర్ ఉన్న చోటే ఆ వివరం దొరుకుతుంది, తుక్కు కొట్టుకి వెళ్ళాక ఇక దొరకదు. ఇళ్ళలోవాళ్ళు కూడా సెల్స్ తీసిన ఆ ఖాళీ అరలో చిన్న కాగితం మడిచి పెట్టండి: ఎవరు వాడారు, ఏ పనికి, ఎక్కడ కొన్నారు, ఏ ఏడాది. నాలుగు ముక్కలు చాలు.

అలాంటి కాగితం విలువ నాకు తెలిసేలా చేసిన మిషన్ ఒకటి ఉంది, ఈ ఉత్తరం వెయ్యమని ఇంతగా అడగడానికి అదో కారణం. మూడేళ్ళ కిందట పర్లాకిమిడిలో పాత సామాన్ల కొట్టులో దొరికింది. గోధుమరంగు ఒళ్ళు, ఎర్ర అంకెలు, 7 బటన్ పోతే ఏదో వేరే మిషన్ నుంచి తీసిన నల్ల బటన్ అతికించారు. వెనక డాక్టర్లు వేసే తెల్ల ప్లాస్టర్ పట్టీ, దాని మీద నీలం ఇంకుతో తెలుగులో గుండ్రటి అక్షరాలు: “పెద్దబావ తెచ్చినది. 1979 దసరా.” విప్పి చూస్తే చిప్పు మీద 7812, అంటే 1978 మార్చి. తేదీలు కలిశాయి. పట్టీ మీద ఆ రెండు మాటల కింద ఇంకో వాక్యం ఉంది, అది ఇక్కడ రాయడం లేదు. పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం వైపు ఎవరింట్లోనైనా ఈ మిషన్ గుర్తుంటే, ఆ వాక్యంలో ఏముందో ఒక కార్డు ముక్క మీద రాసి మీ పత్రిక కార్యాలయానికి పంపమనండి. కలిస్తే నేనే తెచ్చి వాళ్ళ చేతిలో పెడతాను. శుభ్రం చేశాను, పనిచేస్తోంది, సెల్స్ తీసి ఉంచాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా